యూదుల వృక్ష సంవత్సరాది

గుంటూరునుండి పొన్నూరునకు పోవు దారిలో చేబ్రోలు అను ప్రాచీన గ్రామము గలదు. అచ్చటి పురాతన దేవాలయములను చూడబోవువారు పెక్కురు. ఆ మండలములోనే కొత్తరెడ్డిపాలెమను పల్లె యున్నదనియు, అందు తెలుగే మాటలాడుచు, శనివారమున విశ్రాంతిదినము నాచరించుచు, తాము యూదులమని చెప్పుకొను కొన్ని కుటుంబములు కాపురమున్నవనియు ఎఱిగినవారు మన విద్యార్థులలో మిక్కిలి తక్కువ. వారు తమ్మును బెనే ఎఫ్రాయిము, అనగా ఎఫ్రాయిము సంతతివారని పిలుచుకొందురు. 1991వ సంవత్సరమున తమ సమాజమందిరమును కట్టుకొనిరి. పూర్వము ఆ కుటుంబములవారు బాప్తిస్టు సంఘమునకు చెందినవారు. వారిలో పెక్కురు నేటికిని పొలములలో కూలిపని చేసి జీవించువారు. వారిని గూర్చి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను ఇద్దఱు పండితులు 2013లో ఒక పెద్ద గ్రంథమునే ప్రకటించిరి. మన వాకిటిలోని సంగతి మనకంటె ముందు దూరదేశపు చదువరులకు తెలిసినదన్నమాట.

ఈ సంగతి తరగతిలో చెప్పిన పిమ్మట ఎనిమిదవ తరగతి బాలుడొకడు యూదుల పండుగల పట్టిక నెక్కడనో సంపాదించి తెచ్చి, "మాస్టరుగారూ, ఇందులో చెట్లకు సంవత్సరాది అని యున్నదండి. చెట్టుకు సంవత్సరాది యేమిటండి?" అని యడిగెను. అప్పటికి గంట కొట్టిరి. బాలునికి ఆనాడు చెప్పలేకపోయిన యుత్తరమును ఇచ్చట వ్రాయుచున్నాను.

యూదుల ధర్మనిర్ణయముల సంగ్రహమునకు మిష్నా యని పేరు. క్రీ.శ. 200 ప్రాంతమున అది సంకలితమైనది. అందు ఏటికి నాలుగు సంవత్సరాదులు చెప్పబడినవి. రాజుల యేలుబడిని, పండుగలను లెక్కించుటకు నీసాను మొదటి దినము; పశువుల దశమభాగమునకు ఏలూలు మొదటి దినము; సంవత్సరములకును, ఏడవయేటి విడుపునకును, కూరగాయలకును తిష్రీ మొదటి దినము; చెట్లకు శెబాటు మాసము. ఈ శెబాటు పేరు మన బైబిలులో జెకర్యా గ్రంథము మొదటి అధ్యాయమున కనబడును. అయితే శెబాటులో ఏ దినమను విషయమున ఇద్దఱు గురువుల శిష్యులకు భేదము పుట్టెను. షమ్మాయి శిష్యులు మొదటి దినమనిరి. హిల్లేలు శిష్యులు పదునైదవ దినమనిరి. హిల్లేలువారి మాటయే నిలిచినది. హెబ్రీ అక్షరములు అంకెలుగా కూడ పనిచేయును గనుక పదునైదును తొమ్మిది, ఆఱు అను అక్షరములు కలిపి వ్రాసి 'తూ' అని పలుకుదురు. పదియు నైదును కలిపి వ్రాసినచో దేవుని నామములోని అక్షరములు వచ్చును గాన భయభక్తులచేత అట్లు వ్రాయరు. కావుననే ఆ దినమునకు 'తూ బిష్వాత్' అని పేరు కలిగినది. యూదుల మాసములు చంద్రునిబట్టి నడచును గనుక అది పున్నమినాడు గాని దాని ప్రక్కదినమున గాని వచ్చును. మన లెక్కకు పుష్యమాసపు పున్నమియో, మాఘమాసపు పున్నమియో యగును. 2025లో ఫిబ్రవరి 13వ తేదీన వచ్చినది. 2026లో ఫిబ్రవరి 2వ తేదీ.

ఇది మొదట పండుగ కాదు. లెక్కల దినము. చెట్ల ఫలములలో దశమభాగము చెల్లించు ప్రజలకు ఈ పండు నిరుటి లెక్కలోనిదా, ఈ యేటి లెక్కలోనిదా యను నిర్ణయము కావలెను గదా. మన తాతలకు ఫసలీ యనిన తెలియును. జులై 1వ తేదీతో క్రొత్త ఫసలీ ఆరంభమగును, కరణముల దస్తరములన్నియు దానినిబట్టియే నడచెడివి. తూ బిష్వాత్ చెట్లకు ఫసలీ యనుకొన్న సరిపోవును. శిస్తు లెక్కలోనుండి ఆత్మసంబంధమైన పండుగ పుట్టుట వింతగా తోచును గాని, ఆ లెక్క ఎట్లు వేసిరో చూచినయెడల వింత తొలగును.

ఆ దినమునే యేల నిర్ణయించిరి? ఆ యేటి వర్షములలో అధికభాగము అప్పటికి కురిసి తీఱినదని తాల్ముదు చెప్పును. ఇశ్రాయేలు దేశమున వానలు చలికాలమున కురియును. శెబాటు నడుమనాటికి చలి యింకను విడువదు. అత్తిచెట్టు ఆకులేక మోడువలె నిలిచియుండును. దారిన పోవువానికి అది ఎండిన కట్టెయే. కాని వాన నేలలోనికి దిగినది, వేరు త్రాగినది. ఇకమీద కాయు కాయ క్రొత్త నీటి కాయ. కావున ఆకును చూచి కాదు, పూవును చూచి కాదు, కంటికి కానరాని నీటిని చూచి ఆ పెద్దలు చెట్టుకు సంవత్సరాదిని నిర్ణయించిరి.

మన యుగాదితో దీనిని పోల్చి చూడుడు. ఉగాదినాటికి వేప చిగురు తొడిగి పూయును, మామిడి పిందె పట్టును. ఆ పూతను, పిందెను మనము పచ్చడిలో వేసికొని నాలుకతోనే క్రొత్త సంవత్సరమును తెలిసికొందుము. అదియు చక్కని యాచారమే. కాని మాఘ పున్నమినాడు మన మైదానమునకు వెళ్ళి చూచినయెడల నేమున్నది? నల్లరేగడి బీటలు వాఱుచుండును. పత్తి తీసిన చేలలో పత్తికట్టె నిలిచియుండును. మిరపకాయలు కళ్ళములలో ఎఱ్ఱగా ఆరుచుండును. యార్డునకు పోవు బండ్ల ఘాటునకు గుంటూరు వీధులలో నడచువారు తుమ్ముచుందురు. గట్టుమీది వేప ఆకు రాల్చుచుండును. మన పాఠశాల యావరణలోని బాదముచెట్టు ఆకులు ఎఱ్ఱబాఱి రాలి, ఊడ్చువారికి విసుగు పుట్టించుచుండును. అట్టి దినమున యూదులు చెట్టుకు క్రొత్త సంవత్సరము వచ్చినదందురు.

బాదమనగానే ఒక మాట. మన యావరణలోనిది నాటు బాదము. బైబిలులోని బాదముచెట్టు వేఱు. ఆ దేశమున చెట్లన్నియు మోడులై యున్నప్పుడు, ఆకు తొడుగకమునుపే, శెబాటు మాసమున తెల్లగా పూచునది అదియే. హెబ్రీ భాషలో దాని పేరు 'షాకేద్'. మేలుకొని కనిపెట్టియుండువానికి 'షోకేద్' అని పేరు. యిర్మీయా మొదటి అధ్యాయమున దేవుడు ప్రవక్తకు బాదముచెట్టు చువ్వను చూపి, తన వాక్యమును నెఱవేర్చుటకు తాను మేలుకొనియున్నానని చెప్పుటలోని సొగసు ఈ రెండు మాటల పోలికలో నున్నది. తెలుగులో చదువువానికి చువ్వకును వాక్యమునకును సంబంధమేమో తోచదు. అహరోను కఱ్ఱ చిగిర్చి పండ్లు పట్టినప్పుడు పట్టినవి బాదము పండ్లే. ప్రత్యక్షపు గుడారమందలి దీపవృక్షము కమ్మలకు చెక్కిన కలశములును బాదమురూపములే. నిద్రించుచున్నట్లున్న లోకములో ముందు మేలుకొనినదానిని వారు దీపమునకు మాదిరిగా తీసికొనిరి.

క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయమును నాశనము చేసిరి. ప్రజలు నానాదేశములకు చెదరిపోయిరి. దేవాలయము లేదు, దశమభాగపు లెక్కతో పెక్కుమందికి పని తీఱినది. పని తీఱిన లెక్కల దినము పట్టికలోనుండి జాఱిపోవలసినది, జాఱిపోలేదు. మంచు కురియు ఐరోపా పట్టణములలోని యూదులు సైతము ఆ దినమున ఎండిన అత్తిపండ్లను, దూరమునుండి వచ్చిన ఎండు కాయలను సంపాదించి, తాము చూడని దేశపు చెట్లను తలంచుకొని తినిరి. తమకు చెట్టు లేదు, తోట లేదు, చెట్టు నాటుకొను నేలయు అనేక స్థలములలో లేదు. చెట్టు లేనివారు చెట్టుకు పండుగ చేసిరి. ఈ సంగతిని చదివినప్పుడు నాకు సెంటు భూమి లేక పరుల చేలలో మిరపకాయలు కోయువారు తలంపునకు వచ్చిరి. ఏల వచ్చిరో చదువరులే గ్రహింతురు.

పదునాఱవ శతాబ్దమున గలిలయలోని సఫెదు పట్టణమున ఇసాకు లూరియా మొదలగు మర్మజ్ఞానులు నివసించిరి. వారి బోధననుసరించినవారు ఈ దినమునకొక క్రమమును కల్పించిరి. పదునెనిమిదవ శతాబ్దమున అది అచ్చయినది. అందు పండ్లు మూడు విధములు. కొబ్బరివలె బయట పెంకు గలవి కొన్ని. రేగు, ఖర్జూరములవలె లోపల గింజ గలవి కొన్ని. అత్తివలె అంతయు తినదగినవి కొన్ని. (కొబ్బరియు రేగును నా యుదాహరణములు, వారికి అక్రోటు, ఒలీవ.) పెంకు గలది మనమున్న ఈ కర్మలోకమునకు గుఱుతు; ఇచ్చట మంచిది కవచము లేక నిలువజాలదు. గింజ గలది అంతకు పైలోకము. బయట మెత్తదనమున్నను హృదయమున కాఠిన్యము దాగియుండును. అంతయు తినదగినది ఇంకను పైది. అన్నిటికి మీదిదానికి పండు గుఱుతే లేదు. నాలుగు గిన్నెల ద్రాక్షారసము కూడ నుండును: మొదటిది తెల్లనిది, పిదప కొంచెము ఎఱుపు కలిపినది, తుదకు అంతయు ఎఱ్ఱనిది. చలికాలము వసంతముగా మాఱుటను బల్లమీద గిన్నెలలో చూచుకొందురన్నమాట. ఈ లోకముల లెక్క పిల్లలకు కొంత కష్టము. కాని పండును చేతబట్టి పెంకు, గింజ, గుజ్జు చూపినయెడల ఏడేండ్ల బాలికకును తెలియును. మంచి యుపాధ్యాయుడెవడో దీనిని కల్పించియుండవలెను.

మన దేశమునను ఈ దినము క్రొత్తది కాదు. కొంకణ తీరమునందలి బెనే ఇశ్రాయేలు అను యూదులు ఏలీయా ప్రవక్త ఈ దినముననే అలీబాగు సమీపమున ఖండాల యను పల్లెనుండి ఆకాశమునకు ఆరోహణుడైనాడని చెప్పుకొని, అచ్చటికి యాత్ర పోవుదురు. అటుకులు నానవేసి, కొబ్బరికోరు, చక్కెర కలిపి, పైన పండ్లు అమర్చి 'మలీదా' యను నైవేద్యమును సిద్ధపఱచి స్తోత్రము చెప్పుదురు. పలస్తీనా అత్తిపండు కొంకణమున కొబ్బరియు అటుకులును అయినది.

ఇక చెట్టును గూర్చి ధర్మశాస్త్రము చేసిన కట్టుబాట్లు చూడుడు. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము ప్రకారము చెట్టు నాటిన మొదటి మూడేండ్లు దాని కాయను తినరాదు; నాలుగవయేటిది దేవునికి ప్రతిష్ఠితము; అయిదవయేట గృహస్థుడు తినవచ్చును. పత్తి, మిరపలతో బ్రదుకు మనకిది కఠినముగా తోచును. ఆషాఢమున అప్పు తెచ్చి విత్తి, మాఘమున అమ్మి అప్పు తీర్చుకొనవలసిన రైతునకు మూడేండ్లు చేయి ముడుచుకొమ్మనుట సాధ్యమా? సాధ్యము కాదు గనుకనే మన గట్లమీద చెట్లు తగ్గినవని నా యభిప్రాయము. నీడ పడిన చోట మిరప కాయదని తుమ్మను, వేపను నఱికిన చేలను నా కన్నులార చూచితిని. ఆ రైతును నేను నిందింపను. లూకా పదుమూడవ అధ్యాయములో మూడేండ్లనుండి అంజూరపు చెట్టున పండ్లు వెదకి విసిగిన యజమానుని, ఈ యొక్క యేడు చుట్టును త్రవ్వి ఎరువు వేసెదనని బతిమాలుకొన్న తోటమాలిని మన ప్రభువు చెప్పిన యుపమానములో చదువుదుము. ఆ యజమానుడు దుర్మార్గుడని ప్రభువు చెప్పలేదు. విసిగినవాడు, అంతే.

యుద్ధకాలమునందు సైతము శత్రుపట్టణము చుట్టునున్న ఫలవృక్షములను గొడ్డలితో పాడుచేయరాదని ద్వితీయోపదేశకాండము ఇరువదవ అధ్యాయమున నున్నది. అందలి హెబ్రీ వాక్యమును ప్రశ్నగాను చదువవచ్చును, చెట్టే నరుడను అర్థమునను చదువవచ్చును. రబ్బీలు రెండవ విధముగా కూడ చదివి, నరుని చెట్టుతో పోల్చి చాల దూరము పోయిరి. వారి ధర్మశాస్త్రగ్రంథపు చుట్టకు ఇరువైపులనుండు కఱ్ఱలకు 'జీవవృక్షము' అనియే పేరు. బేతారు పట్టణమున కుమారుడు పుట్టిన దేవదారు మొక్కను, కుమార్తె పుట్టిన వేఱొక జాతి మొక్కను నాటి, వారు పెరిగి పెండ్లియాడునప్పుడు ఆ చెట్ల కొమ్మలతోనే పందిరి వేయుచుండిరని తాల్ముదు చెప్పును. మొదటి కీర్తనలోని నీటికాలువల యోరనున్న చెట్టునకు వాడిన 'షాతూల్' అను మాటకు దానంతట మొలచినదని కాక, ఒకచోటనుండి తీసి మఱియొకచోట నాటబడినదని యర్థము. నారుమడినుండి మిరపనారు తీసి చేలో నాటువారికి, నాగార్జునసాగరు కుడి కాలువ నీటి వంతునకై రాత్రులు కాచుకొనువారికి ఈ కీర్తనకు వ్యాఖ్యానమక్కఱలేదు.

తాల్ముదులో హోనీ యను భక్తుని కథ యున్నది. డెబ్బదియేండ్లకు గాని కాయదను కరోబు చెట్టును ముసలివాడొకడు నాటుచుండగా హోనీ చూచి, అంతకాలము బ్రతుకుదువా యని యడిగెను. నేను పుట్టునప్పటికి నా పెద్దలు నాటిన చెట్లు లోకములో నున్నవి, నేనును నా పిల్లలకు నాటుచున్నానని అతడు బదులు చెప్పెను. కరోబు కాయలు మన చింతకాయలవలె పొడవుగా గోధుమరంగున నుండును. అది కాయుటకు డెబ్బదియేండ్లక్కఱలేదని తోటపని తెలిసినవారందురు; కథకు కావలసినది ఒక నరుని ఆయుష్కాలము గాన రబ్బీలు అట్లు చెప్పిరి కాబోలు.

ఆధునిక కాలమున ఈ దినమున మొక్కలు నాటు నాచారమును ఆరంభించినవాడు పాఠశాల యుపాధ్యాయుడే. 1890లో జెయేవ్ యావేత్స్ అను నాయన జిఖ్రోన్ యాకోవ్ అను గ్రామమున తన విద్యార్థులను వెంటబెట్టుకొని పోయి మొక్కలు నాటించెను. 1908లో అచ్చటి ఉపాధ్యాయ సంఘము దానిని అంగీకరించెను. మనకును 1950లో కె. ఎం. మున్షీగారి మూలమున వనమహోత్సవము వచ్చినది. జులైలో గుంట త్రవ్వుదుము, అతిథులు వత్తురు, ఫొటోలు తీయుదురు. మరుసటి వేసవి నాటికి మిగిలిన మొక్కలను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. మనకు లేనిది ఆ మూడేండ్ల లెక్క. నాటిన దినమును వ్రాసికొని, ఏటేట చెట్టుకు వయస్సు కూడు దినమొకటి పట్టికలో నున్నయెడల, ఆ దినమున పోయి మొక్క బ్రతికియున్నదా యని చూడక తప్పదు.

ఈ విషయమున నాకొక స్వంత లెక్క యున్నది. 1997-98లో పత్తిచేలను పురుగు పాడుచేసి, అప్పులపాలైన రైతులనేకులు ప్రాణములు తీసికొన్న సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. మా తండ్రిగారు ఆ యేడు పురుగుమందుల బాకీ తీర్చుటకు మా తాతగారు నాటిన చింతచెట్టును ఇటుకబట్టీకి అమ్మిరి. నేనప్పుడు కళాశాలలో చదువుచుంటిని; ఇంటికి వచ్చునప్పటికి గట్టు బోసిగా నుండెను. మోకాలెత్తు మొద్దు మాత్రము మిగిలెను. ఆ వేసవి గడచి వానలు పడగా మొద్దు ప్రక్కన చిగుళ్ళు వచ్చినవి. మేకలు తినివేసినవి. మా తల్లి ముళ్ళకంప వేసెను. మరల వచ్చినవి. యోబు పదునాలుగవ అధ్యాయమున నఱకబడిన చెట్టుకు నీటి వాసన తగిలిన చిగిర్చు ఆశ యున్నదన్న మాటను నేను శిక్షణ కళాశాలలో పరీక్షకొఱకు కంఠస్థము చేసితిని. మా తల్లికి ఆ యధ్యాయము తెలియదు.

ఇప్పుడు ఆ చెట్టు కాయుచున్నది. దాని వయస్సెంత? తాతగారు నాటిననాటినుండి లెక్కింపవలెనా, చిగిర్చిననాటినుండి లెక్కింపవలెనా? మిష్నాలో దీనికి సరియైన నిర్ణయమున్నది. పెల్లగింపబడిన చెట్టుకు ఒక్క వేరు నేలలో మిగిలియున్నను అది పాత చెట్టే. మూడేండ్ల లెక్క మరల మొదలు పెట్టనక్కఱలేదు. ఆ వేరు ఎంత లావుండవలెనను ప్రశ్నకు, సాలెవారు నేత బిగియించు పుల్లయంత యున్న చాలునని రబ్బీలు చెప్పిరి. చీరాల, మంగళగిరి మగ్గములు చూచినవారికి అది యెంత సన్ననిదో తెలియును. మొదలంట బెత్తెడు లోపల నఱికినయెడల మాత్రము, చూచువారు క్రొత్త మొక్కయని భ్రమపడుదురు గనుక, లెక్క మరల మొదలు పెట్టవలెనట. కొత్తరెడ్డిపాలెపు వారి వంశమును గూర్చి పాత వేరా, క్రొత్త నాటా యని పండితులు వాదించునప్పుడెల్ల నాకీ సాలెపుల్ల జ్ఞాపకమునకు వచ్చును. తీర్పు చెప్పుట నా పని కాదు.

మా చింత మొద్దు మోకాలెత్తున నఱకబడినది. ఈ శాస్త్రమంతయు మొన్న సెలవులలో మా తల్లికి వివరించితిని. ఆమె చింతపండు పిక్కలు తీయుచు విని, "అది మీ తాత చెట్టు కాక మఱెవరిదిరా?" అని, పిక్కల చేటను నా వైపునకు జరిపెను.